నా గర్భసంచి మీద అందరి అభిప్రాయాలూ

ఆ మధ్యాహ్నం ఒక మంత్రిత్వ శాఖ విలేకరుల సమావేశం ముగిసింది. అందరూ లేచి టీ బల్ల వైపు నడిచారు. నేను మాత్రం లేవలేదు. లేస్తే కుర్చీ మీద ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. అప్పటికే ఆఫీసుకు పంపేసిన వార్తను ల్యాప్‌టాప్‌లో మళ్లీ టైపు చేస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. హాలు ఖాళీ అయింది. లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ వచ్చిన ఉద్యోగి "మేడమ్, హాల్ బంద్ కర్‌నా హై" అన్నాడు. "బస్, దో మినిట్ భయ్యా" అన్నాను. అతను అటు తిరగగానే చున్నీ నడుముకు చుట్టుకుని, సంచిలో ఉన్న మా పత్రికతోనే కుర్చీ తుడిచి, గోడవారగా నడుచుకుంటూ బయటపడ్డాను. రెక్సిన్ కుర్చీ కాబట్టి సరిపోయింది.

ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. నెలసరి ఎక్కువ కావడం ఆ రోజుతో మొదలైంది కాదు. అంతకు ముందు ఏడాది నుంచీ ప్యాడ్ మీద ప్యాడ్ పెట్టుకుని తిరుగుతున్నాను. రక్తం గడ్డలు గడ్డలుగా పోయేది. ఢిల్లీ ఎండలకు వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. బార్లీ నీళ్లు తాగాను. చలికాలం వచ్చి, రజాయి దుప్పట్లు దింపుకున్నాక కూడా వేడి చేసిందనే అనుకున్నాను. ఇరవై నాలుగు గంటలూ ఇతరులను ప్రశ్నలడిగే ఉద్యోగం నాది. నన్ను నేను ఒక్క ప్రశ్న అడగలేదు.

మా ఆయన కేంద్ర సచివాలయంలో అండర్ సెక్రటరీ. సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టర్. ఒక్కతే కూతురు నిధి, ఇక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో చదువుతోంది. మేము తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు చెబుతుంది. కుర్చీ సంగతి ఆ సాయంత్రం తనకు చెబితే, "మమ్మా, యే నార్మల్ నహీ హై. కల్ డాక్టర్ కే పాస్ చలో" అని మర్నాడు కాలేజీ మానేసి నన్ను డిస్పెన్సరీకి లాక్కెళ్లింది. అక్కడి నుంచి అల్ట్రాసౌండ్‌కు రాశారు.

అల్ట్రాసౌండ్ గది బయట ఏం చేస్తారో వెళ్లినవాళ్లకు తెలుసు. సీసాల కొద్దీ నీళ్లు తాగించి, "ప్రెషర్ బనా?" అని, అంటే మూత్రం వచ్చేలా ఉందా అని అడుగుతారు. బనా అంటే ఇంకా మీ వంతు రాలేదంటారు. నా వంతు వచ్చేసరికి కన్నీళ్లొక్కటే తక్కువ. లోపల ఆ డాక్టరమ్మ పొట్ట మీద ప్రోబ్ తిప్పుతూ కంప్యూటర్ ముందున్న అమ్మాయికి కొలతలు చెబుతోంది. ఒకటి చెప్పింది, రెండోది చెప్పింది, ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. "బహుత్ సారే హై", చాలానే ఉన్నాయి అంది చివరికి, పెళ్లికి వచ్చిన చుట్టాల గురించి చెప్పినట్టు.

ఫైబ్రాయిడ్స్, అంటే గర్భసంచిలో గడ్డలు. అన్నిటికంటే పెద్దది బత్తాయి పండంత. ఇంకొకటి చిన్నదే కానీ గర్భసంచి లోపలి పొరలోకి తోసుకొచ్చింది. రక్తం పోవడానికి ముఖ్య కారణం అదేనట. క్యాన్సర్ కాదు, చాలామందికి ఉంటాయి, చాలామందికి ఏమీ చేయవు అన్నారు. నాకు మాత్రం చేస్తున్నాయి.

మొదట చూపించుకున్నది ప్రభుత్వ ఆసుపత్రి స్పెషలిస్టుకు. ఆమె రిపోర్టు చూసింది, నన్ను చూడలేదు.

"ఫ్యామిలీ కంప్లీట్ హై?"

"ఒక అమ్మాయి" అన్నాను హిందీలో.

"తో నికల్వా దో. రఖ్ కే క్యా కర్‌నా హై?"

తీయించేయండి, ఉంచుకుని ఏం చేసుకుంటారు? ఈ మాట ఆ తర్వాతి నెలల్లో మూడు భాషల్లో విన్నాను. పాత ఫ్రిజ్ గురించి కూడా మన ఇళ్లలో ఇంత తేలిగ్గా మాట్లాడరు. ఆమె ఐరన్ మాత్రలు, రక్తస్రావం తగ్గడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ రాసి, నాలుగైదు వారాల్లో మళ్లీ రమ్మంది.

రెండో అభిప్రాయం తీసుకుందామని నోయిడాలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. పెద్ద సర్జన్, పెద్ద టేబుల్. లాప్రోస్కోపిక్ హిస్టరెక్టమీ, అంటే చిన్న చిన్న రంధ్రాలతోనే గర్భసంచి తీసేయడం అయిపోతుందన్నాడు. "ఓవరీస్ భీ సాథ్ మే నికాల్ దేంగే, ఫ్యూచర్ కా టెన్షన్ ఖతమ్." అండాశయాలనూ తీసేస్తాడట.

"ఓవరీస్‌కు ఏమైంది డాక్టర్?" అన్నాను.

"ఏమీ కాలేదు మేడమ్. ఏమీ కాకముందే" అన్నాడు నవ్వుతూ.

మూడో ఆయన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, కుర్రవాడు. కాగితం మీద గర్భసంచి గీసి, దానికి రక్తం తెచ్చే నాళాలు గీసి, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి ఆ నాళాలను మూసేస్తే ఫైబ్రాయిడ్స్ వాటంతట అవే కుంచించుకుపోతాయన్నాడు. ఎంబలైజేషన్. కోత లేదు, కుట్లు లేవు. "సర్జన్లు మీకు ఈ సంగతి చెప్పరు మేడమ్" అన్నాడు. నోయిడా సర్జన్‌ను అడిగితే, "అరే, వో లోగ్ తో ఎక్స్‌పెరిమెంట్ కర్తే హై" అన్నాడు. ఇంకొక గైనకాలజిస్టు మయోమెక్టమీ అంది. అంటే గర్భసంచి ఉంచి గడ్డలు మాత్రమే తీయడం. మళ్లీ రావా అంటే "రావచ్చు" అంది. పార్లమెంటు ఆవరణలో నాలుగు పార్టీల ప్రతినిధుల బైట్లు తీసుకున్నట్టుంది నాకు. ప్రతి ఒక్కరూ తమకు వచ్చిన పనినే మందుగా చెప్పారు. పక్కవారిది పనికిరాదన్నారు.

ఇక్కడే మా ఇంట్లో అసలు జబ్బు మొదలైంది.

మా ఆయన ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ కాగితం మీదా తానొక్కరే నిర్ణయం తీసుకుని ఎరుగరు. అది ఆయన తప్పు కాదు, సచివాలయం పని అలాగే నడుస్తుంది. కింది నుంచి నోట్ రావాలి, సంబంధిత శాఖలన్నిటికీ అభిప్రాయం కోసం వెళ్లాలి, అవన్నీ తిరిగొచ్చాక పైకి పంపాలి. ఒక ఆదివారం ఆయన నా రిపోర్టులన్నీ ముందేసుకుని కూర్చున్నారు. సాయంత్రానికి నోట్ తయారైంది. ఆప్షన్ ఎ, బి, సి, డి. ఒక్కోదాని కింద లాభాలు, నష్టాలు. పక్కన రంగు చీటీలు. నేను నిజంగానే మెచ్చుకున్నాను, అంత శుభ్రంగా రాశారు. మర్నాడు చూస్తే దాన్ని ఫొటోలు తీసి వాళ్ల కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

"ఏవండీ, ఇదేంటి?" అన్నాను.

"నలుగురి మాటా తీసుకోవాలి కదా ఉమా."

నలుగురు కాదు, ఆ గ్రూపులో ఉన్నవాళ్లు ముప్ఫై మందికి పైనే. అందరూ చూశారు. ఒక మరిది హోమియోపతీ అన్నాడు. ఘాజియాబాద్‌లో ఉండే బంధువుల ఆవిడ అలోవెరా రసం పంపిస్తానంది, పంపించింది కూడా. పెళ్లికాని ఒక కుర్రాడు ఏదో వీడియో పెట్టాడు. ఒక బావగారు బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టారు. అది ఏ ఆప్షన్‌కో తెలియలేదు. మా ఆయన పెద్దక్క, రాజమండ్రి వదిన, వాయిస్ మెసేజ్ పెట్టింది. మా ఆయన స్పీకర్‌లో వినిపించారు.

"ఉమా, నేను ముప్ఫై ఎనిమిదో ఏటే తీయించేసుకున్నానమ్మా. ఇప్పుడు చూడు, కాశీ వెళ్లొచ్చాను, పూరీ వెళ్లొచ్చాను, హాయిగా ఉన్నాను. ఓ పూట పనికి ఈ మీటింగులేంటర్రా, ఢిల్లీలో ఉంటే ఇంతేనా?"

"సంచి తీయించేసుకో" అన్న మాట మా వైపు ఊళ్లలో ఎంత మామూలో నాకు తెలుసు. పన్ను పీకించుకున్నంత సులువుగా చెబుతారు. ఇక్కడ ఢిల్లీ తెలుగు ఆంటీలూ అంతే. వినాయక చవితి పందిట్లో ఒక ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "నువ్వింకా తీయించుకోలేదా?" అంది. అమ్మాయికి ఇంకా పెళ్లి చేయలేదా అన్నట్టుంది ఆ గొంతు. నా గర్భసంచి సంగతి ఆవిడ దాకా ఎలా వెళ్లిందని అడిగితే, మా ఆయన ఆఫీసు మిత్రుల అభిప్రాయం కూడా తీసుకున్నారట.

నెలలు గడుస్తున్నాయి. రక్తం పోతూనే ఉంది. ఒక రోజు అడిగేశాను.

"నా ఫైలు ఎక్కడి దాకా వచ్చిందండీ?"

"విజయనగరం చిన్నాన్న గారి అభిప్రాయం రావాలి. ఆయన హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో చేశారు."

"అక్కడ ఏం చేశారు?"

"అకౌంట్స్" అన్నారు.

"మీ భాషలోనే అడుగుతాను. నా గర్భసంచికి కాంపిటెంట్ అథారిటీ ఎవరు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అందరూ ఒప్పుకుంటే రేపు ఎవరూ మాట అనరు ఉమా" అన్నారు మెల్లగా.

అప్పుడు నాకు అర్థమైంది. కొన్నేళ్ల కిందట మా అత్తగారికి గుండె ఆపరేషన్ అవసరమైతే, ఈయన ఒక్కరే దగ్గరుండి, ఒక్కరే ఒప్పుకుని చేయించారు. ఆవిడ ఇంటికి తిరిగి రాలేదు. కర్మకాండలు జరుగుతున్నప్పుడే ఇంట్లోవాళ్లు "నీ తొందరే కొంప ముంచింది" అన్నారు. ఆ మాట ఈయనలో ఉండిపోయింది. అర్థమైంది కానీ, కోపం తగ్గలేదు. ఆయన భయానికి పోతున్నది నా రక్తం.

మధ్యలో ఒక ప్రయత్నం చేశాను. మయోమెక్టమీ గురించి చెప్పినావిడే, హార్మోన్ ఉన్న ఐయూడీ, కాపర్-టీ లాంటిది, గర్భసంచి లోపల పెట్టి చూద్దామంది. లోపలి గడ్డ వల్ల నిలవకపోవచ్చనీ చెప్పింది. నిలవలేదు. బాగా రక్తం పోయిన ఒక రోజున రక్తపు గడ్డలతో పాటు అదీ బయటికి వచ్చేసింది. ఆ సంగతి మాత్రం గ్రూపులో పెట్టవద్దని మా ఆయనకు గట్టిగా చెప్పాను.

అలసట గురించి ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసు అనుకున్నాను. ఢిల్లీ గాలి అనుకున్నాను, అది ఎలాగూ అందరికీ చేతికందే కారణం. జుట్టు రాలితే నీళ్లు అనుకున్నాను. ముగ్గు రాళ్లు, పచ్చి బియ్యం నమలాలనిపిస్తే నవ్వుకున్నాను. డబ్బాలోంచి బియ్యం గుప్పెట్లో పోసుకుని టీవీ చూస్తూ నమిలేదాన్ని.

ఒక సాయంత్రం మెట్రో స్టేషన్ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయాను. కళ్లు తెరిచేసరికి చుట్టూ జనం. "ఆంటీ కో షుగర్ హై, టాఫీ దో" అంటోంది ఒకావిడ నిశ్చయంగా. నాకు షుగర్ లేదని చెప్పే ఓపిక లేక టాఫీ చప్పరించాను. అక్కడ కూడా నా జబ్బేంటో నేను తప్ప అందరూ తేల్చేశారు.

ఎమర్జెన్సీలో రక్త పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ ఐదున్నర. పన్నెండు దాకా ఉండాల్సింది. డ్యూటీ డాక్టరు కింది రెప్పలు లాగి చూసి, "ఆప్ చల్ కైసే రహీ థీ?" అంది. ఎలా నడుస్తున్నానంటే ఏం చెప్పను? రోజూ సాయంత్రానికి వార్త పంపాలి, ఇంటికొచ్చి కుక్కర్ పెట్టాలి, అలా నడుస్తున్నాను.

రక్తం ఎక్కించాలన్నారు. ఆసుపత్రి రక్తం ఇస్తుంది, బదులుగా మన వాళ్లు ఎవరైనా ఇవ్వాలి. మా ఆయన ఇన్సులిన్ మీద ఉన్నారు, కుదరదన్నారు. నిధి "మై దూంగీ" అని గర్వంగా వెళ్లింది. కాసేపటికి మొహం మాడ్చుకుని వచ్చింది.

"మేరా నహీ లియా, మమ్మా. మేరా భీ కమ్ హై."

ఇరవై ఏళ్ల పిల్ల. రక్తం ఇవ్వడానికి సరిపడా రక్తం లేదు. ఆ మంచం మీద నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఏడుపు కాదు, చిరాకు, కళ్లలోంచి వచ్చింది. చివరికి మా ఆయన ఆఫీసు మిత్రుడు వచ్చి ఇచ్చాడు. ఇన్ని నెలల్లో ఆ ఆఫీసు నుంచి నాకు పనికొచ్చిన అభిప్రాయం అదొక్కటే.

ఎవరిదో రక్తం చుక్క చుక్కగా లోపలికి దిగుతుంటే మా ఆయన పక్కన స్టూల్ మీద కూర్చున్నారు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీసి చూసి, ఆపేసి, జేబులో పెట్టుకున్నారు.

"నీకేం కావాలి ఉమా?"

అడగలేదని ఇన్నాళ్లూ రుసరుసలాడాను కదా. తీరా అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాళ్లు చెప్పినవేవీ వద్దనడమే నా అభిప్రాయం అనుకుంటూ వచ్చాను. ఆ సంగతి ఆయనకు చెప్పాను. "అయితే నిదానంగా ఆలోచించు, నేనెవరినీ అడగను" అన్నారు.

మర్నాడు వార్డుకు వచ్చిన సీనియర్ డాక్టరు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. నా కథంతా విని, ఆప్షన్ల సంగతే ఎత్తలేదు. "పహలే ఖూన్" అంది. ముందు రక్తం. "మీరు రెండు పనులను కలిపేసుకున్నారు. గర్భసంచిని ఏం చేయాలన్నది ఒక పని. రక్తం పోకుండా ఆపి, పోయింది నింపడం ఇంకో పని. మొదటిది ఆరు నెలలు ఆలోచించుకోండి, ఎవరు వద్దన్నారు? రెండోది ఇవాళ."

"ఐరన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను డాక్టర్."

"ఎప్పుడు?"

"పొద్దున్నే, కాఫీతో."

ఆమె పెన్ను కింద పెట్టింది. "సౌత్ ఇండియన్స్!" అని నర్సు వైపు చూసింది. కాఫీ, టీలతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదట. ఇన్ని నెలలు ఫిల్టర్ కాఫీతో శ్రద్ధగా మింగాను.

ఐరన్ డ్రిప్‌లో ఎక్కించారు. నలభై అయిదు దాటినవాళ్లకు ఇలా రక్తం పోతుంటే తప్పనిసరిగా చూడాలని గర్భసంచి లోపలి పొర బయాప్సీ తీశారు. రిపోర్టు వచ్చే దాకా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. ఏమీ లేదని వచ్చింది. నెలసరి ఆగిపోయేలా ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నెలల పాటు ఓవరీస్‌ను నిద్రపుచ్చుతుంది, ఈలోగా రక్తం పడుతుంది, అయితే మెనోపాజ్ వచ్చినట్టు ఉంటుంది, తాత్కాలికమే అన్నారు.

ఉంటుందంటే ఏమో అనుకున్నాను. జనవరిలో, ఢిల్లీ అంతా హీటర్లకు అతుక్కుని కూర్చున్న వేళ, నేను స్వెటర్ విప్పి ఫ్యాన్ వేసుకున్నాను. కడుపులోంచి మంట లేచి మెడ మీదుగా నెత్తికెక్కేది. చెమటతో తడిసి, మరుక్షణం వణికేదాన్ని. నిద్ర పట్టేది కాదు. ఆఫీసులో ఒక కామా గురించి జూనియర్‌తో గొడవపడి, తర్వాత వాష్‌రూమ్‌లో ఏడ్చాను. నిధి రజాయిలోంచి తల బయటపెట్టి, "పాపా, మమ్మా కో ఏసీ చాహియే క్యా?" అని అడిగింది. నేను తప్ప అందరూ నవ్వారు.

ఆ రోజుల్లోనే రాజమండ్రి వదిన ఫోన్ చేసింది, గ్రూపులో కాకుండా విడిగా.

"మంటలంటున్నావట, తమ్ముడు చెప్పాడు."

"అవును వదినా. ఇంజెక్షన్ వల్లట. పోతాయిలెండి."

"నాకు పోలేదే అమ్మా. ఏళ్ల తరబడి ఉన్నాయి. మీ అన్నయ్య గారు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు."

"మీకు ఓవరీస్ కూడా తీసేశారా?"

"తీసేశారని నాకు చెప్పింది ఎవరు? మొన్న ఎముకల పరీక్షకెళ్తే స్కాన్ చేసి, అవీ లేవన్నారు. అందుకే ఎముకలిలా గుల్లయ్యాయట."

"హాయిగా ఉన్నానన్నారు కదా వదినా. కాశీ, పూరీ..."

"కారులో కూర్చుని వెళ్లానులే. గుడి మెట్లు ఎక్కింది మీ అన్నయ్య గారు. నేను కింద చెప్పుల దగ్గర కూర్చున్నాను. అందరూ ఏమంటారో అదే అన్నానే నేనూ. నన్ను ఎవరడిగారు కనుక?"

కోపం రావాలి నాకు. రాలేదు. ఆవిడను ముప్ఫై ఎనిమిదో ఏట ఏం కోల్పోతుందో చెప్పకుండా బల్ల మీద పడుకోబెట్టినవాళ్ల మీద వచ్చింది.

ఇంజెక్షన్ ప్రభావం ఉండగానే ఆ సీనియర్ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఈసారి జవాబు ఉంది. రక్తం పోవడం పూర్తిగా ఆగాలి. ఇంకో ఆపరేషన్ అవసరం లేకుండా ఇదే ఆఖరు కావాలి. ఆరోగ్యంగా ఉన్న ఓవరీస్‌ను ముట్టుకోకూడదు.

ఆమె ఒక్కోదాన్నీ విడదీసి చెప్పింది. ఎంబలైజేషన్‌తో చాలామందికి తగ్గుతుంది, కానీ కొందరికి మళ్లీ ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. మయోమెక్టమీ చేస్తే నాకున్నన్ని గడ్డల్లో కొన్ని మిగలవచ్చు, కొత్తవి రావచ్చు. ఇంజెక్షన్లతో మెనోపాజ్ దాకా లాగడం నాకు కష్టం, ఎముకలకూ మంచిది కాదు. గర్భసంచి తీసి, ఓవరీస్ ఉంచితే నేను అడిగిన మూడూ దొరుకుతాయి. ట్యూబులు మాత్రం, ముందుముందు క్యాన్సర్ ముప్పు తగ్గేందుకు, తీసేస్తామంది. "లేకిన్ డిసైడ్ ఆప్ కరేంగీ" అంది, నిర్ణయం మీదేనని. "నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానని మాత్రం అడగకండి. నేను మీ స్థానంలో లేను."

హిస్టరెక్టమీయే చేయించుకున్నాను. అవును, మొదటి డాక్టరు నన్ను చూడకుండానే చెప్పినదే. ఘాజియాబాద్ ఆవిడ "చివరికి అందరూ అన్నదేగా చేయించుకున్నావు?" అంది. కాదు. ఐదున్నర రక్తంతో, ఎవరో చెప్పారని, ఓవరీస్‌తో సహా తీయించుకోవడం వేరు. ఏది పోతోందో, ఏది ఉంటోందో తెలిసి తీయించుకోవడం వేరు. ఆవిడకు ఇది వివరించే ఓపిక నాకు లేకపోయింది. అలోవెరా బాగుందని చెప్పాను.

ఆపరేషన్ ముందు రోజు ఒక జూనియర్ డాక్టరు కాన్సెంట్ ఫారం పట్టుకుని వచ్చి, నన్ను దాటుకుని వెళ్లి, "సర్, యహా సైన్" అని పెన్ను మా ఆయనకిచ్చాడు. ఆయనకు చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టారు. జూనియర్ గోడ గడియారం చూశాడు, తలుపు చూశాడు. మా ఆయన ఒకచోట ఆగారు. ఆ వరుస మీద వేలు పెట్టి, కాగితం నా ముందుకు తెచ్చారు. హిస్టరెక్టమీ విత్ రిమూవల్ ఆఫ్ బోత్ ఓవరీస్ అని ఉంది.

"ఇది నేను ఒప్పుకున్నది కాదు" అన్నాను.

"మేడమ్, యే తో రొటీన్ హై. ఈ వయసులో అందరికీ ఇదే రాస్తాం."

"కొట్టేసి మళ్లీ రాయండి. మీ మేడమ్‌ను పిలవండి."

ఆమె వచ్చి, జూనియర్‌ను ఒక చూపు చూసి, కొత్త ఫారం రాయించింది. చదివి నేను సంతకం పెట్టాను. సాక్షి అన్నచోట మా ఆయన పెట్టారు. ఆయన అలవాటును అన్ని నెలలు తిట్టుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం మాత్రం తిట్టలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాతి రోజులు అంత బాగా లేవు. కాథెటర్ గొట్టం తీశాక మూత్రం రాలేదు. మళ్లీ పెట్టారు. దాంతో ఇన్ఫెక్షన్, జ్వరం. అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక ఒకరు పప్పు తినకూడదన్నారు, చీము పడుతుందట. ఒకరు పెరుగు వద్దన్నారు. పక్క క్వార్టర్‌లోని పంజాబీ ఆంటీ, బాలింతలకు పెట్టే గోధుమపిండి పంజీరీ నెయ్యి కారుతూ డబ్బా నిండా పంపింది. ఏ బిడ్డా పుట్టలేదని చెప్పబోయి, రుచిగా ఉంటే తినేశాను. డాక్టరు మాత్రం బరువులెత్తకండి, మలబద్ధకం రానివ్వకండి, మిగతావన్నీ తినండి అంది. ఆరు వారాలు గడిచేదాకా నీళ్ల బకెట్ జోలికి వెళ్లలేదు. ఇంట్లో ఎన్ని బకెట్లు మోసేదాన్నో అప్పుడే తెలిసింది.

ఇప్పటికి ఏడాది దాటింది. ప్యాడ్లు కొనడం లేదు. హిమోగ్లోబిన్ పన్నెండు దగ్గర ఉంది. పచ్చి బియ్యం మీద ఆశ పోయింది, అది రక్తం తక్కువైతే పుట్టే కోరికేనట. ఒంటి మంటలు ఇంజెక్షన్ ప్రభావం తగ్గడంతోనే పోయాయి. ఎప్పుడో ఒకప్పుడు మెనోపాజ్ మామూలుగా వస్తుంది, రానీ. నా ఆఫీసులోనే నాకంటే ఏడాది చిన్నదైన ఒక మలయాళీ విలేకరి ఎంబలైజేషన్ చేయించుకుని సంతోషంగా ఉంది. తన గడ్డలు వేరు, తన కోరిక వేరు. అందుకే ఏది చేయించుకోవాలో నేను ఎవరికీ చెప్పను. ఫోన్ చేసి అడుగుతారు. చెప్పనంటే చిన్నబుచ్చుకుంటారు.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఆప్షన్లు తూచుకుంటున్నన్ని రోజులూ మీ రక్తం పోతూనే ఉంటుంది. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే హిమోగ్లోబిన్ ఎంతుందో అడగండి, రక్తస్రావం ఆగడానికి ఇప్పుడే ఏం ఇస్తారని అడగండి. నలభై అయిదు దాటితే బయాప్సీ సంగతి అడగండి. ఐరన్ మాత్రను కాఫీ, టీలకు దూరంగా, నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. ఇంట్లో మీ కూతురికి కూడా ఆ పరీక్ష చేయించండి. గర్భసంచి ఉంచాలా, తీయాలా అన్న చర్చ ఆ తర్వాత ఎన్నాళ్లైనా పెట్టుకోవచ్చు.